మెడికల్ కోసం దాచిన ఆయాసం

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో సివిల్స్‌కి చదివే పిల్లలు రాసిన జవాబు పత్రాలు దిద్దడం ఇప్పుడు నా ఉద్యోగం. ఒకప్పుడు నేనూ అలా రాసినదాన్నే. చలికాలం మొదలైందంటే ఢిల్లీ గాలి మీద ప్రశ్న ఇవ్వని కోచింగ్ సెంటర్ ఉండదు. కట్టలు కట్టలుగా నా బల్ల మీద వచ్చి పడతాయి. పొలాల్లో గడ్డి తగలబెట్టడం, బండ్ల పొగ, కట్టడాల దుమ్ము, కదలని గాలి, అన్నీ వరసగా రాస్తారు. పక్కన బాణం గుర్తులతో ఒక బొమ్మ వేస్తారు. చివర్లో పరిష్కారాల పెట్టె గీసి అందులో కమ్యూనిటీ పార్టిసిపేషన్ అని రాసి కింద గీత కూడా గీస్తారు. ఆ మాట కనబడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. మార్కులు మాత్రం వేస్తాను. జవాబు తప్పని ఎలా అంటాను?

ఆ పెట్టెలోని మాట ఇదే గల్లీలో ఎలా ఏడ్చిందో నేను దగ్గరుండి చూశాను.

నేను ఒంగోలు నుంచి వచ్చినప్పుడే ఆస్తమా నాతో వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఉన్నదే. మా అమ్మ పచ్చళ్ళ సీసాల మధ్య ఇన్‌హేలర్లు సర్ది పంపింది. రోజూ పొద్దున, సాయంత్రం పీల్చుకోవాల్సింది ఒకటి, ఊపిరాడనప్పుడు పీల్చుకోవాల్సింది ఇంకొకటి. నాకు దాంట్లో సిగ్గేమీ లేదు. క్లాసులో అందరి మధ్యే తీసి పీల్చుకునేదాన్ని. నాతో గదిలో ఉండే అక్క మొదటి రోజే అది చూసి తలుపు దగ్గరగా వేసింది. ఎవరైనా చూస్తారని ఆమె భయం. చూస్తే ఏమవుతుందక్కా అని అడిగితే, మెడికల్ ఉంటది గద చెల్లె అంది.

మెడికల్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పాలి. ప్రిలిమ్స్ అయ్యి, మెయిన్స్ అయ్యి, ఇంటర్వ్యూ అయ్యి, ఉద్యోగం వచ్చేముందు డాక్టర్లు ఒంటిని పరీక్ష చేస్తారు. మా గల్లీలో దాన్ని తలుచుకోని రోజుండదు. కంటి అద్దాల గురించి, బీపీ గురించి, చదును పాదాల గురించి టీ బండి దగ్గర గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. తమాషా ఏమిటంటే అక్కడ మాట్లాడేవాళ్ళలో మెడికల్ దాకా వెళ్ళినవాళ్ళు ఒక్కరూ లేరు. వెళ్ళినవాళ్ళు గల్లీ ఖాళీ చేసి పోయారు. పోనివాళ్ళే ఉండి మిగిలినవాళ్ళకి పాఠాలు చెప్పేవాళ్ళు.

అక్కది జగిత్యాల వైపు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. మెయిన్స్ రాసి వచ్చింది, ఇంటర్వ్యూ పిలుపు మాత్రం రాలేదు. పోలీసు సర్వీసు కావాలని పట్టు. నాకు జ్వరం వస్తే గంజి కాచి పోసింది. రాజ్యాంగం పుస్తకం నా చేత మూడోసారి చదివించింది. ఇంటి మీద బెంగ పెట్టుకుని ఏడిస్తే, ఏడ్చినంతసేపు ఏడువు, తర్వాత లేచి మ్యాపు గియ్యి అనేది. ఈ ఊళ్ళో నాకంటూ ఒక మనిషి ఉందంటే ఆమే. అందుకే ఆమె మీద ఇంత కోపం నాకు.

అక్కకి ఆయాసం ఇంట్లోంచి రాలేదు, ఇక్కడికొచ్చాక అంటుకుంది. మా గదికి కిటికీ అని ఒకటుండేది గానీ అది తెరిస్తే ఎదురుగా ఇంకో ఇంటి గోడ. మధ్యలో ఉన్న సందులోకి కింది హోటల్ వాడి నూనె పొగంతా ఎగదన్నేది. అక్క మొదట దగ్గేది. దుమ్ము పడలేదనేది. తర్వాత పడుకుంటే పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ చప్పుడు నాకు తెలియనిదా? నా ఇన్‌హేలర్ చేతిలో పెట్టి ఎలా పీల్చాలో చూపించాను. పీల్చుకుని కాసేపటికి మామూలు మనిషై, ఎంత హాయిగ ఉన్నది అంది. ఆ వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

"ఎవ్వరికి చెప్పకు చెల్లె. నా మీద ఒట్టు. మెడికల్ల దెల్సిందంటే నా బతుకు ఆగమైతది."

అలా మొదలైంది. ఆమె డాక్టర్ దగ్గరికి రాదు. తన పేరు మీద చీటీ ఉండకూడదు. నా చీటీ మీద తెచ్చిన ఆయాసం మందు ఆమె పీల్చుకునేది. రోజూ వాడాల్సిన మందు మాత్రం ముట్టుకునేది కాదు. రోజూ వాడితే రోగం ఉన్నట్టే లెక్క, అప్పుడప్పుడూ పీలిస్తే దగ్గు కింద లెక్క అని ఆమె సిద్ధాంతం. రాజ్యాంగ సవరణలన్నీ నోటికి చెప్పే మనిషి ఇంత తెలివితక్కువగా ఎలా మాట్లాడుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

దాని ఫలితం నేను అనుభవించాను. నెల తిరగకుండానే మందు అయిపోతోందని క్లినిక్‌లో డాక్టర్ నన్ను తిట్టాడు. నాకే జబ్బు ముదిరిందనుకుని మోతాదు పెంచాడు, మాత్ర కలిపాడు, ఛాతీ ఎక్స్‌రే తీయించాడు. అక్క ఆయాసానికి నేను మాత్ర మింగడం! గదికొచ్చి ఆ ఎక్స్‌రే మంచం మీద పడేశాను. అక్క దాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, నీ ఊపిరితిత్తులు మస్తున్నయ్ చెల్లె అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే రాదు.

ఆ రోజుల్లోనే మాకొక డాక్టరమ్మ దొరికింది. ఊపిరితిత్తుల డాక్టర్‌గా చేసి రిటైరైంది. తెలుగావిడే, చాలా ఏళ్ళ కిందట ఘాజియాబాద్‌లో స్థిరపడింది. ఆమె తెలుగులో సగం హిందీ ఉండేది. ప్రతి ఆదివారం మెట్రో ఎక్కి వచ్చి, లక్ష్మీ నగర్ పిల్లలకి ఆస్తమా గురించి చెప్తానని ఆమే ముందుకొచ్చింది. మేం చదువుకునే నేలమాళిగ రీడింగ్ రూమ్ యజమాని ఆదివారం పొద్దున వాడుకోమన్నాడు. తెలుగమ్మాయిలం నలుగురం కలిసి గల్లీ అంతా తిరిగి చెప్పాం. నేను నెత్తిన వేసుకుని చేశాను ఆ పని. అసలు కారణం వేరు. అక్క నా మాట వినదు, ఆవిడ మాటైనా వింటుందని ఆశ పెట్టుకున్నాను.

ముందు మా ఇంట్లోనే మొదలుపెట్టాం. దోమల కాయిల్స్ వెలిగించడం మానేసి దోమతెరలు కట్టుకున్నాం. మెట్లు ఊడ్చే దీదీని బతిమాలి, చీపురు పెట్టేముందు నీళ్ళు చిలకరించేలా ఒప్పించాం. ఇంటి ఓనర్ ఆంటీతోనే పెద్ద పేచీ. సాయంత్రం కాగానే పిడక మీద గుగ్గిలం వేసి ఆ పొగ అన్ని అంతస్తులకూ తిప్పేది. ఇల్లు శుద్ధి అవుతుందట. డాక్టరమ్మ వచ్చి మాట్లాడితే సరే బేటా, సరే బేటా అని కింది అంతస్తుకే పరిమితం చేసింది. దీపావళి తర్వాత ఊరంతా పొగ కమ్మేసరికి, బయట గాలి బాగాలేదు కాబట్టి లోపల ఇంకా ఎక్కువ శుద్ధి చేయాలంటూ మళ్ళీ పైకి తెచ్చింది. ఏమనాలి ఆవిడని? గట్టిగా అడిగితే, రోగమున్న అమ్మాయిలకి నేను గది ఇవ్వను, చూసుకోండి అంది. అక్క ఆ మాట విని నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

రీడింగ్ రూమ్ కౌంటర్ సొరుగులో ఒక ఇన్‌హేలర్ ఎప్పుడూ ఉండేలా ఏర్పాటు చేశాం. ఎవరికి అవసరమైనా తీసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. డాక్టరమ్మ ఆలోచన అది. మంచి ఆలోచన.

మొదటి ఆదివారం హాలు నిండిపోయింది. నిలబడటానికి చోటు లేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ గోడకి బొమ్మ అంటించి, ఊపిరి గొట్టాలు ఎలా వాస్తాయో, లోపల ఎలా బిగుసుకుంటాయో చెప్పింది. అందరూ రాసుకుంటున్నారు. ఒకబ్బాయి చెయ్యెత్తి, కొంచెం నెమ్మదిగా చెప్పండి మేడమ్, రాసుకోవాలి అన్నాడు. ఇంకొకడు ఏదైనా మంచి కేస్ స్టడీ ఉంటే చెప్పమన్నాడు. ఒకమ్మాయి ఆ బొమ్మని ఫోన్‌లో ఫోటో తీసుకుని, జవాబులో వేసుకోవచ్చా అని నన్ను అడిగింది. అప్పుడర్థమైంది నాకు. వీళ్ళు వచ్చింది ఊపిరి కోసం కాదు, మార్కుల కోసం.

చెప్పడం అయ్యాక డాక్టరమ్మ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. గట్టిగా ఊదితే దాని మీద ముల్లు జరుగుతుంది, ఊపిరితిత్తులు ఎంత బలంగా ఉన్నాయో తెలుస్తుంది. అచ్ఛా, ఒక్కొక్కరే వచ్చి పేరు చెప్పి ఊదండి, వచ్చే వారం మళ్ళీ చూసి పోల్చుకుందాం అంది. పేరు అన్న మాట వినగానే హాలు కదిలింది. ఒకడికి ఫోనొచ్చింది. ఒకడికి టెస్టు గుర్తొచ్చింది. చూస్తుండగానే కుర్చీలు మిగిలాయి. నేను ఒక్కదాన్నే వెళ్ళి ఊదాను. డాక్టరమ్మ పాపం గొట్టం తుడిచి సంచిలో పెట్టుకుంది.

బయటికొచ్చి చూస్తే అందరూ టీ బండి దగ్గరున్నారు. మధ్యలో మా సీనియర్ అన్న. అందరికీ పెద్ద దిక్కు ఆయన. ఏ పుస్తకం చదవాలో, ఏ ఆప్షనల్ తీసుకోవాలో ఆయన చెప్పిందే వేదం. మెయిన్స్ ముఖం కూడా చూడలేదు, అది వేరే సంగతి.

"ఒక్కసారి ఎక్కడో పేరు పడిందనుకో, ఎప్పుడో మెడికల్‌లో బయటికొస్తుంది. అప్పుడేడ్చి ఏం లాభం? చెప్పాల్సింది చెప్పాను, తర్వాత మీ ఇష్టం" అంటున్నాడు. పక్కన అక్క తల ఊపుతోంది. మీరు మెడికల్ చూశారా అన్నా అని అందరి ముందూ అడిగేశాను. నీకెలాగూ దాచుకునేది లేదు కదమ్మా, నువ్వు మాట్లాడతావు అన్నాడు. అందరూ నవ్వారు.

మరుసటి ఆదివారం డాక్టరమ్మ ఆ మాటే ఎత్తి, నాకు తెలిసినంతవరకూ వాళ్ళు చూసేది ఊపిరి ఎలా ఆడుతోందని, మీరు మందు సరిగ్గా వాడితే ఊపిరి బాగా ఆడుతుంది, వాడకపోతేనే దొరికిపోతారు అని చెప్పింది. విన్నది మేం నలుగురమే. అక్క రాలేదు. గదికొచ్చి చెప్పాను. చేతులు పట్టుకుని చెప్పాను. విన్నదంతా విని, గీ ఒక్క అటెంప్టు కానియ్యి చెల్లె అంది. ప్రతిసారీ ఆ ఒక్క అటెంప్టే.

ఆ ఏడు దీపావళి తర్వాత ఆకాశం మట్టి రంగుకి తిరిగింది. పట్టపగలు లైట్లు వేసుకుని చదువుకున్నాం. ఒక మధ్యాహ్నం రీడింగ్ రూమ్‌లో నా వెనక వరసలో అక్క కూర్చుని ఉంది. భుజాలు ఎగరేసి ఊపిరి తీస్తోందని కుర్చీ కిర్రుమంటున్న తీరుకే తెలిసింది. తిరిగి చూస్తే చెమటలు. కౌంటర్ వైపు చూపించాను. సొరుగులో ఇన్‌హేలర్ ఉంది, లేచి తీసుకుంటే అయిపోతుంది. అక్క తల అడ్డంగా ఊపింది. కౌంటర్ దగ్గర అన్న, ఇంకా ముగ్గురు నలుగురు నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళ ముందు పీల్చాలి కదా. నేలమాళిగలోంచి మెట్లెక్కి పై అంతస్తు బాత్‌రూమ్‌కి బయల్దేరింది, నా ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని. అక్కడైతే తలుపేసుకోవచ్చు.

మెట్ల సగంలోనే కూలబడింది. నేను సొరుగులోది లాక్కుని పరిగెత్తాను. పెదాలు నీలంగా తిరిగాయి. నోట్లో పెట్టి నొక్కుతూనే ఉన్నాను. అందరూ చుట్టూ మూగారు. జరగండి, గాలి రానివ్వండి అని అరిచాను. అన్న ఆటో తెచ్చాడు, అది మాత్రం కాదనను. ఆటోలో అక్క తల నా ఒళ్ళో ఉంది. ఛాతీ ఎగసిపడుతోంది, చప్పుడు లేదు. పిల్లికూతలు ఆగిపోతే అది ఇంకా చెడ్డదని నాకు తెలుసు. దేవుడా దేవుడా అని మొక్కుకోవడం తప్ప నేనేమీ చేయలేకపోయాను.

ఆసుపత్రిలో ఎమర్జెన్సీ కౌంటర్ దగ్గర పేరడిగారు. చక్రాల మంచం మీది నుంచి అక్క నా చున్నీ పట్టుకుంది. మాట రావడం లేదు, వేలు మాత్రం నా వైపు చూపిస్తోంది. నీ పేరు చెప్పు అని. నా పేరు మీద చేర్చమని! లోపల డాక్టర్ ఏ మందులు వాడుతున్నావని కేకేస్తున్నాడు. నా పేరు చెప్తే నా మందులన్నీ ఈమె వాడుతున్నట్టే. ఆ లెక్కన చూస్తే, రోజువారీ మందు ముట్టని మనిషికి సరైన వైద్యం ఎలా చేస్తారు? నేను అక్క పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఇన్నేళ్ళుగా ఉందని, రోజువారీ మందు ఎప్పుడూ వాడలేదని గట్టిగా, అక్క వినేలా చెప్పాను. చున్నీ వదిలేసింది.

బతికింది. ఆక్సిజన్ తీసేశాక నన్ను చూసిన మొదటి చూపు నేను మరిచిపోలేను.

"నా నోట్లె మన్నుగొట్టినవ్ గద చెల్లె" అంది.

నోట్లోకి గాలి వెళ్ళేలా చేశానక్కా అందామనుకున్నాను. డిశ్చార్జి అయ్యాక మందులు సంచిలో అలాగే వదిలేసి, అదే వారంలో గది మారింది. రెండు గల్లీల అవతలకి. దారిలో ఎదురైతే అటువైపు తిరిగి పోయేది. ఫోన్ ఎత్తదు. నేను వాళ్ళింటికి ఫోన్ చేద్దామని ఎన్నోసార్లు అనుకుని, చదువు మాన్పించి తీసుకుపోతారని ఆగిపోయాను. ఆ గదిలో ఆమెకి ఎవరు ఇన్‌హేలర్ ఇస్తున్నారో, అసలు ఎవరైనా ఇస్తున్నారో లేదో తెలియదు. మందుల షాపుల్లో చీటీ లేకుండా కూడా ఇస్తారని సర్ది చెప్పుకునేదాన్ని. అలా సర్ది చెప్పుకోవాల్సి వచ్చినందుకు ఏడుపొచ్చేది.

ఆమెని మెట్ల మీద చూశారు కదా, గల్లీకి బుద్ధొస్తుందనుకున్నాను. వచ్చింది, ఇంకో రకంగా. సొరుగులో ఇన్‌హేలర్ ఉండటం వల్ల రీడింగ్ రూమ్‌కి చెడ్డ పేరొస్తోందని యజమాని దాన్ని తీసేయమన్నాడు. ఆదివారం హాలు ఇవ్వనన్నాడు. అన్న కూడా ఆయన్నే సమర్థించాడు, పిల్లలు భయపడుతున్నారని. డాక్టరమ్మ మాత్రం మానలేదు. పక్క గల్లీలో కుట్టుమిషన్ల షాపు ముందు అరుగు దొరికింది, అక్కడ కూర్చునేది. మా వాళ్ళకంటే రిక్షా తొక్కేవాళ్ళు, షాపులో కుట్టేవాళ్ళు ఎక్కువమంది వచ్చేవాళ్ళు. వాళ్ళకి మెడికల్ లేదు కాబట్టి పేరు చెప్పి ఊదేవాళ్ళు. నేను సివిల్స్ మానేసి పేపర్లు దిద్దే ఉద్యోగంలో చేరినా, ఆదివారం అక్కడికి వెళ్ళడం మానలేదు.

అక్క ఇంకా రెండు చలికాలాలు అలాగే గడిపింది. చివరి అటెంప్టు కూడా మెయిన్స్ దాకా వెళ్ళింది. ఫలితాలొచ్చిన రోజు ఇంటర్వ్యూ పిలుపుల్లో ఆమె పేరు కోసం నేనే ముందు వెతికాను. లేదు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను. ఆఫీసులో ఎవరూ లేని మూల చూసుకుని కూర్చుండిపోయాను.

తర్వాతి ఆదివారం ఆమె అరుగు దగ్గరికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. చిక్కిపోయింది. గల్లీ మలుపు నుంచి అరుగు దాకా వచ్చేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడింది. రిక్షా అతని పక్కన వరసలో కూర్చుంది. నన్ను చూసి, బాగున్నవా చెల్లె అంది, నిన్న కలిసినట్టే. నేను తలూపాను.

తన వంతు రాగానే లేచి వెళ్ళి, అడగకముందే పేరు చెప్పింది, ఊరి పేరు, ఉంటున్న గల్లీ కూడా చెప్పింది. గొట్టంలో ఊదింది. డాక్టరమ్మ మళ్ళీ ఊదమంది. మళ్ళీ ఊదింది. మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి ఇంకోసారి ఊదించింది. ముల్లు పెద్దగా కదల్లేదు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, ఎన్నేళ్ళుగా ఉందని అడిగింది. అక్క చెప్పింది. ఊపిరి గొట్టాలు గట్టిపడ్డాయమ్మా, మందులతో కొంత వస్తుంది, పోయినదంతా తిరిగి రాదు అని ఆవిడ మెల్లగా చెప్పింది. పరుగులూ బరువులూ ఇక మరిచిపోవాలంది. అక్క బుద్ధిగా వింది.

"పక్క గల్లీలోనే ఉన్నావు కదా తల్లీ, ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు?" అంది డాక్టరమ్మ.

అక్క చేతిలోని గొట్టం బల్ల మీద పెట్టేసింది.

"నౌకరి వస్తదనుకున్న మేడమ్" అంది.